ఎవరిదని చెప్పొద్దు

ఆ పిల్ల నోరు ఇంకా తెరిచే ఉంది.

లూదియా గుమ్మం దగ్గర నిలబడి చూసింది. తన గదిలో పద్దెనిమిది మంది పిల్లల పరీక్ష ముగించుకుని, మెడ పట్టేసి ఉంటే చేత్తో రుద్దుకుంటూ, పక్కగదిలో పార్థసారథి సారు ఆఖరి పిల్లను ప్రశ్నలడుగుతుంటే ఊరికే వచ్చి నిలబడింది. బెంచీ మీది పిల్ల పేరు దీనమ్మ. పదేళ్లుంటాయి. ఆళ్లగడ్డకు తూర్పున, కూలికి పోయే క్రైస్తవులుండే పేట నుంచి వస్తుంది. కాళ్లు నేలకు అందక ఊగుతున్నాయి.

"కుండకూ గంపకూ పోలికేమిటో చెప్పు," అన్నాడు సారు.

పిల్ల మోకాళ్ల వంక చూసుకుంది. "రెండూ నెత్తిన పెట్టుకుంటారు."

సారు ఆ మాట ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకున్నాడు. పిల్ల మాత్రం నోరు మూయలేదు. ఇంకో మాట వచ్చి నాలుక కొసన నిలబడినట్టు పై పెదవి కొంచెం లేచింది, కళ్లు పైకప్పు దూలం మీదికి పోయాయి, కుడిచెయ్యి, అక్కడ లేని గంపను పట్టుకున్నట్టు, తల పక్కకు లేచింది. సారు తలెత్తలేదు. "సరే, తర్వాతది," అన్నాడు.

పిల్ల నోరు మూసుకుంది. చెయ్యి ఒళ్లోకి దిగిపోయింది.

ఇదంతా రెప్పపాటు కాలం. కానీ లూదియా గుండెల్లో ముల్లు దిగినట్టయింది. ఎందుకంటే రెండు గదుల్లో కలిపి ముప్ఫయ్యారు మంది పిల్లల్లో నలుగురికే నంద్యాల బోర్డింగు స్కూల్లో సీటు. ఇదివరకు ఆ స్కూలు కమిటీ పెద్దలు మొహాలు చూసి ఏరేవాళ్లు. ఈ ఏడే మొదటిసారి బుద్ధి పరీక్ష పెట్టి, వచ్చిన మార్కుల్ని బట్టి తీసుకుందామన్నారు. పరీక్ష తెచ్చినవాడు పార్థసారథి. మద్రాసులో మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు, పాతికేళ్లవాడు, పెద్దలది అహోబిలం, గుడి కైంకర్యాలు చేసుకునే కుటుంబం. తండ్రి చేసే పనిని బట్టి పిల్లల తెలివి ఎంతెంత మారుతుందో తేల్చమని అతని గురువు పురమాయించాడు. అందుకని ప్రతి కాగితం నెత్తిన మొదటి వరసలోనే పిల్ల పేరు, తండ్రి పేరు, ఇల్లు ఎక్కడ, ఏం పని చేస్తారు, అన్నీ రాసి ఉంటాయి. ఆ తర్వాతే ఇరవై ప్రశ్నలకు జవాబులు.

లూదియా నంద్యాలలో పంతులమ్మ. ఆమె పుట్టింది కూడా అలాంటి పేటలోనే, కాకపోతే నంద్యాల పేట. సారుకు తోడు ఒక టీచరు కావాలంటే తానే ముందు చెయ్యెత్తింది. ఈ పరీక్ష సంగతి విన్నప్పుడు ఆమెకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. పిల్ల ఎవరి పిల్ల అని కాకుండా తలలో ఏముందో చూసే పరీక్ష. అలాంటిది ఒకటి ఉంటుందని తన పదో ఏట ఎవరైనా చెప్పుంటే, అనుకుంది.

ఇప్పుడు ఆ పరీక్ష పెట్టే మనిషే తలెత్తకుండా తర్వాతది అన్నాడు.

యుద్ధం అయిపోయి ఆరేడు నెలలైనా పెట్రోలు దొరకడం లేదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బొగ్గుబస్సే గతి. వెనకాల పొయ్యి బిగించిన ఆ బస్సు శిరివెళ్ల దాటాక రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా క్లీనరు దిగి పొయ్యిని ఇనప కడ్డీతో కెలికాడు. పార్థసారథి కాగితాల కట్టను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. లూదియా కిటికీలోంచి నల్లరేగడి చేలను చూస్తోంది. పత్తి తీసే ఆడవాళ్లు వరసగా వంగి నడుస్తున్నారు.

"ఆ ఆఖరి పిల్ల ఇంకేదో చెప్పబోయింది సార్," అంది చివరికి.

"ఏ పిల్ల?"

అతనికి గుర్తే లేదు. 

మర్నాడు స్కూలు వరండాలో ఇద్దరూ చెరో మూల కూచుని మార్కులు వేశారు. ప్రతి జవాబుకూ సున్నా ఒకటీ రెండూ, ఈ మూడు అంకెలే. ముప్ఫయ్యారు కాగితాలూ ఇద్దరూ వేయాలి. ఒకరి మార్కులు ఒకరు చూడకూడదు. అతనిది నీలం అట్ట పుస్తకం, ఆమెది ఎర్ర అట్ట పుస్తకం. రెంటినీ కూడి వరస తేల్చాలి. లూదియా బడిలో పిల్లల పలకలు దిద్దేటప్పటికంటే పదింతల శ్రద్ధగా వేసింది. మనవాళ్లని ఒక్క మార్కు ఎక్కువ వేయకూడదు, ఊరివాళ్లని ఒక్క మార్కు తగ్గించకూడదు. ఈ మాట మనసులో అనుకుని, ప్రార్థన చేసుకుని మరీ మొదలుపెట్టింది.

సాయంత్రం పార్థసారథి కూడి చూశాడు. మొదటి నలుగురూ ఊళ్లోవాళ్లే. మొదటిది సుబ్బలక్ష్మమ్మ, రెడ్డిగారి మనవరాలు. దీనమ్మది తొమ్మిదో స్థానం. మిగతా పేట పిల్లలు ఇంకా కింద.

"మా గురువుగారు అనుకున్నట్టే వచ్చింది," అన్నాడతను. ఆ మాటలో సంతోషం లేదు, కానీ ఆశ్చర్యం కూడా లేదు. ఆశ్చర్యం లేకపోవడమే లూదియాకు కాలింది.

"దీనమ్మకు మీరెంత వేశారు సార్?"

అతను తల ఎత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేను తగ్గించి వేశానని మీ అనుమానమా టీచరమ్మా?"

"అట్లా అనలేదు సార్."

"అనకపోయినా వినిపించింది." కాసేపు పుస్తకం అట్టను గోటితో గీరుతూ కూచున్నాడు. "నేను దేవుడి ముందు చెప్పమన్నా చెప్తాను. ఎవరికీ కావాలని తగ్గించలేదు. రేపు సాయంత్రం లోపల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఏం చేయమంటారో మీరే చెప్పండి."

లూదియా తన ఎర్ర పుస్తకం అతని దగ్గరే వదిలి లేచి వచ్చేసింది.

తెల్లవారి ఆమె తండ్రికి సద్దిమూట ఇవ్వడానికి పత్తి మిల్లుకు పోయింది. తండ్రి యేసుదాసు అక్కడ తూకం దగ్గర పని. ఆవరణ నిండా పత్తి కుప్పలు, గాలిలో నూగు, మొహానికి బట్ట కట్టుకున్న కూలీలు. చిన్నప్పటి నుంచీ వందసార్లు వచ్చిన చోటే. కానీ ఆ రోజు కోపం మీద ఉండి, ఎక్కడో ఒకచోట కూలబడాలని, షెడ్డులో గోనెపట్టా వేలాడదీసిన మూలకు పోయి కూచుంది. పట్టా ఇవతల శివమ్మ కూచుని ఉంది. ఊళ్లల్లో నుంచి వచ్చిన పత్తి ఏ రకమో తేల్చేది ఈ ముసలామే. యాభై దాటి ఉంటాయి, ముక్కుకు రెండు వైపులా ముక్కుపుడకలు, వేళ్లు మాత్రం పసిపిల్లవిలా మెత్తగా ఉంటాయి.

పట్టా కింది నుంచి ఒక గంప లోపలికి జరిగింది. శివమ్మ గుప్పెడు పత్తి తీసింది. గింజ వలిచి, దూదిని రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి లాగింది, లాగినదాన్ని దాని మీదే పేర్చి మళ్లీ లాగింది. పోగును మోకాలి మీది నల్లగుడ్డ మీద పరిచి పొడవు చూసింది. పత్తిని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. ఆఖరుకు గింజ ఎండిందో లేదో పంటి కింద పెట్టి కొరికింది. టక్కుమంది.

"ఫస్టు," అని పట్టా అవతలికి అరిచింది. గంప వెనక్కు పోయింది.

"ఎవరిది పెద్దమ్మా?" అంది లూదియా, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నాకేం తెల్సు?"

"తెలీకుండా ఎట్లా?"

"తెలీకుండా ఉండేదానికే కదా తల్లీ ఈ పట్టా కట్టించుకున్న్యాది. మీ నాయన గంప కింద నంబరు చీటీ పెడ్తాడు. ఎవరి నంబరు ఏదో ఆయప్పకే ఎరుక. నాకు చెప్పొద్దంట్యాను."

"నువ్వు ఎవరికో మేలు చేస్తావని మిల్లోళ్లు అన్నారా?"

శివమ్మ నవ్వింది. రెండో గంప వస్తే దాన్ని కాలితో ఆపి పెట్టింది. "వాళ్లేమంటారు. నేనే అంటి. పదేండ్ల కిందట మాయన్న పత్తి తెచ్చ్యా. పొద్దున మంచు పడిన పత్తి అది. నేను చూస్తి, లాగితి, చెంపకు పెట్టుకుంటి, కొరికితి. ఫస్టు అంటి. మూడు దినాలకు కుప్పలోపల ఉడుకెక్కి వాసన కొట్ట్య. అందరూ ఏమనిరి? శివమ్మ అన్న కోసరం అబద్దమాడెననిరి."

"ఆడలేదా?"

"అదే చెప్తాండ ఇనుకో." ముసలామె గొంతు తగ్గింది. రెండు వేళ్లను ఎత్తి తన మొహం ముందు పెట్టుకుని, అవి తనవి కానట్టు చూసింది. "అబద్దమాడింటే బాగుండు తల్లీ. ఆడలే. నా యేళ్లకు అది పొడిగానే తగిలె. గింజ టక్కుమన్న్యట్టే ఇనపడె. మనిషి అబద్దమాడితే మనిషికి తెలుస్తాది. యేళ్లు అబద్దమాడితే ఎవరికి తెలుస్తాది? ఆ పొద్దు నాకు బయమేసె. ఇంగ అన్న పత్తి కానియ్, పగోని పత్తి కానియ్, పేరు నా చెవిన పడగూడదు అంటి."

"ఒకవేళ తెలిసిపోతే?"

"తెల్సినాక చూడను. ఇంకొకర్ని చూడమంట్యా."

లూదియా లేచింది. సద్దిమూట అక్కడే మరిచిపోయింది. యేసుదాసు త్రాసు దగ్గర నుంచి "ఏందిమ్మా, అట్ల పోతాండావ్?" అని అరుస్తున్నా వినిపించుకోలేదు. పార్థసారథి అద్దెకున్న ఇల్లు రైలుస్టేషను దారిలో. ఆమె ఆ దారంతా దాదాపు పరుగెత్తింది. టీచరమ్మ పరుగెత్తడం నంద్యాల అంతకుముందు చూసి ఉండదు. ఇప్పుడు పట్టుకోవచ్చు, అదొక్కటే ఆలోచన. ఆయన వేళ్లు అబద్ధమాడాయేమో చూడొచ్చు. ఆయన మీద కోపం తీరకపోయినా, తప్పు చేశాడన్న అభాండం వేయకుండా, చూడొచ్చు.

పార్థసారథి గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. వింటున్నకొద్దీ అతని మొహం మారిపోయింది. ముందు చిరాకు, తర్వాత అనుమానం, తర్వాత పరీక్షలో రాని లెక్క ఉన్నట్టుండి తేలిపోయిన పిల్లవాడి మొహం.

"యాడుందామె?" అన్నాడు. మద్రాసులో ఏళ్ల తరబడి అణిచిపెట్టుకున్న యాస ఒక్కసారిగా బయటపడింది. "మూడేళ్ల నుంచి చదువుతున్నాను టీచరమ్మా నేను. కాగితం మీద పేరు ముందుగా రాయించింది నేనే. ఆమె పట్టా కట్టుకుందే, నాకు తోచలేదే."

కత్తెర తెచ్చాడు. ఇద్దరూ నేల మీద చాప పరుచుకుని, ముప్ఫయ్యారు కాగితాలనూ ప్రశ్నకొక ముక్కగా కత్తిరించారు. ప్రతి ముక్క వెనకా పిల్ల నంబరు ఒకటే. ఏడువందల ఇరవై చీటీలు. గాలికి ఎగరకుండా కిటికీ మూసేస్తే ఇద్దరికీ చెమటలు కారాయి. ఏ పిల్ల చెప్పిందో చూడకుండా, ఒకే ప్రశ్నకు ఒకే జవాబున్న చీటీలన్నీ ఒకచోట పేర్చారు. అన్ని కుప్పలూ అయ్యాక లూదియా కుండా గంపా కుప్ప తీసింది. 'రెండూ నెత్తిన పెట్టుకుంటారు.' ఈ మాట అన్నది దీనమ్మ ఒక్కతే అనుకుంది ఆమె. ఏడుగురు అన్నారు. ఏడు చీటీల మీదా అవే మాటలు.

"ఇప్పుడు తిప్పుదాం," అన్నాడు పార్థసారథి. "మీరు నంబరు చెప్పండి. నేను మార్కు చదువుతాను."

"నాలుగు."

"రెండు."

"పదకొండు."

"రెండు."

"పద్దెనిమిది."

"రెండు."

"ఇరవైరెండు."

"ఒకటి."

"ఇరవైఏడు."

"ఒకటి." అతని గొంతు మెల్లబడింది. "ఒకటి," అన్నాడు తర్వాతదానికి. ఆఖరిదైన ముప్ఫయ్యారుకు పుస్తకాన్ని దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "సున్న."

నాలుగు, పదకొండు, పద్దెనిమిది ఊళ్లో పిల్లలు. మిగతా నలుగురూ పేట పిల్లలు. ముప్ఫయ్యారు దీనమ్మ. మాట ఒక్కటే. లూదియా చీటీలను చాప మీద గట్టిగా పెట్టింది.

"చూశారా సార్," అంది. గెలిచినట్టే అంది. "మాట ఒక్కటే. ఊళ్లో పిల్లకు రెండు, పేట పిల్లకు సున్న."

పార్థసారథి పుస్తకం మూయలేదు. దాన్ని ఆమె వైపు తిప్పి చాప మీద పెట్టాడు.

ఎర్ర అట్ట.

"ఇది మీ పుస్తకం టీచరమ్మా."

లూదియా చూసింది. తన అంకెలే. తన సున్న, పైన చిన్న తోక ఉన్న తన సున్న. నీలం పుస్తకం తెరిచి వేలు పెట్టి చూసింది. నాలుగు, ఒకటి. పదకొండు, ఒకటి. పద్దెనిమిది, ఒకటి. ఇరవైరెండు, ఒకటి. ఏడుగురికీ ఒకటే మార్కు. 

ఆమెకు గుర్తొచ్చింది. సుబ్బలక్ష్మమ్మ కాగితం దిద్దేటప్పుడు ఏమనుకుందో అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. రెడ్డిగారి ఇంటి పిల్ల, ఏనాడూ కుండెత్తి ఎరగదు, అయినా ఎంత గమనించి చెప్పిందో అనుకుంది. దీనమ్మ దగ్గరికి వచ్చేసరికి, పొద్దున్నే మోసింది, అదే చెప్పింది, ఇందులో ఆలోచనేముంది అనుకుంది. అనుకున్నట్టు కూడా తెలియకుండా అనుకుంది. ప్రార్థన చేసుకుని మరీ.

"మనవాళ్లకు ఎక్కువ వేయకూడదని చెయ్యి బిగబట్టినాను సార్," అంది. బడిలో ఏనాడూ మాట్లాడని పేట మాట వచ్చేసింది నోట్లో. "బిగబట్టినట్టు నాకే తెలీలేదు."

 అతను ఆమె మీద జాలి చూపించలేదు, అందుకు ఆమె జీవితాంతం రుణపడి ఉంది. మిగతా కుప్పలు కూడా ఇద్దరూ తిప్పి చూశారు. ఇరవై ప్రశ్నల్లో పదకొండింట అదే తేడా. అన్నిచోట్లా ఎర్ర పుస్తకంలోనే. ఒకే మాటకు ఒకే మార్కు వేసి మళ్లీ కూడితే దీనమ్మ తొమ్మిది నుంచి ఆరుకు వచ్చింది.

ఆరు. సీట్లు నాలుగు.

లూదియా మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూచుంది. అప్పుడు పార్థసారథి కత్తిరించిన చీటీల్లో తన చేతిరాతవి ఏరడం మొదలుపెట్టాడు. ఏరుతూ వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నాడు. అతని నియమాల్లో ఒకటుంది. పిల్ల సగం జవాబు చెప్పి ఆగిందనిపిస్తే 'ఇంకా?' అని ఒక్కసారి అడగొచ్చు. అడిగితే జవాబు పక్కన చిన్న కూడిక గుర్తు పెట్టాలి.

"నా గదిలో ఊళ్లో పిల్లలు తొమ్మిది మంది, పేట పిల్లలు తొమ్మిది మంది," అన్నాడు. "ఊళ్లోవాళ్లను ఇంకా అని ముప్ఫయ్యొక్కసారి అడిగాను." ఆగాడు. "పేటవాళ్లను ఆరుసార్లు. దీనమ్మను ఒక్కసారి కూడా లేదు."

కిటికీ మూసిన గది. చుట్టూ ఏడువందల ఇరవై చీటీలు. ఇద్దరూ మంచివాళ్లు. ఇద్దరూ ఒట్టేసి చెప్పగలరు. అబద్ధం ఎక్కడా లేదు, చీటీల మీద మాత్రం ఉంది. లూదియాకు చర్చిలో పైకప్పు కేసి చూసినప్పుడు ఒక్కోసారి కలిగేలాంటి భయం కలిగింది, కాళ్ల కింద నేల ఎంత లోతుందో చూపించినట్టు. కానీ ఆ భయంలో ఏడుపు లేదు. కనిపించకుండా ఉన్నదాన్ని కత్తెరతో, చీటీలతో కనిపించేలా చేయొచ్చు. ఒక ముసలామె గోనెపట్టాతో చేసింది.

"మళ్లీ పోదాం సార్ ఆళ్లగడ్డకు," అంది.

"కమిటీని రెండు రోజులు ఆపుతాను," అన్నాడతను.

శుక్రవారం మళ్లీ అదే బస్సు, అదే బెంచీలు. ఈసారి గదులు మార్చుకున్నారు. అతని పిల్లలు ఆమెకు, ఆమె పిల్లలు అతనికి. ముందు పిల్లకూ తమకూ మధ్య దుప్పటి కట్టి చూశారు. మొదటి పిల్ల నోరు తెరిచి "ఏందక్కా ఈ పరదా, పెండ్లా?" అనగానే ఏ వీధి పిల్లో లూదియాకు తెలిసిపోయింది. గుడ్డ మొహాన్ని దాస్తుంది, మాటను దాచదు. దుప్పటి విప్పేశారు. ఇంకో నియమం పెట్టుకున్నారు: ఎవరైనా సరే, జవాబు బాగున్నా బాగాలేకపోయినా, ప్రతి ప్రశ్నకూ ఒక్కసారి 'ఇంకా?' అనాలి. అని, మనసులో పది లెక్కపెట్టేదాకా తల దించకూడదు.

ఆ పది లెక్కపెట్టడం ఎంత కష్టమో లూదియాకు ఆ రోజే తెలిసింది. చెప్పడానికేమీ లేదనుకున్న పిల్లలు నాలుగు లెక్కపెట్టేసరికి గోళ్లు కొరికేవాళ్లు, ఏడుకు కిటికీ చూసేవాళ్లు, తొమ్మిదికి, ఉన్నట్టుండి, చెప్పేవాళ్లు. అందరూ కాదు. కానీ తాను ఎన్నడూ ఊహించని వాళ్లు.

ఆఖరున దీనమ్మ. కాళ్లు ఊగుతున్నాయి.

"కుండకూ గంపకూ పోలికేమిటి?"

"ఆ పొద్దే చెప్తిని గదక్కా."

"మళ్లీ చెప్పు."

"రెండూ నెత్తిన పెట్టుకుంటారు."

"ఇంకా?"

ఒకటి, రెండు. పిల్ల కళ్లు దూలం మీదికి పోయాయి. పై పెదవి లేచింది. ఐదు. చెయ్యి తల పక్కకు లేచింది, లేని గంపను పట్టుకుంది. ఎనిమిది.

"సగం నింపితే రెండూ నెత్తిన నిలవవు," అంది దీనమ్మ. "కుండ తొణుకుతాది. గంప ఒరుగుతాది. నిండా ఉంటేనే సుళువు. బరువెక్కువైనా."

లూదియా కలం కాగితం మీద ఆగిపోయింది. తాను చిన్నప్పుడు ఎన్ని కుండలు మోసిందో లెక్కలేదు. మెడకు తెలుసు ఆ సంగతి. మెడకు తెలిసింది నోటికి ఏనాడూ రాలేదు. ఉన్నదున్నట్టు రాసి, పది పూర్తిగా లెక్కపెట్టి, "తర్వాతది," అంది. 

ఎవరి చేతిరాతో తెలియకుండా ఆ రాత్రంతా కూచుని చీటీల్ని తెల్లకాగితం మీద నకలు రాసింది లీలావతి, లూదియాతో పాటు పనిచేసే టీచరు. ఆళ్లగడ్డ మొహం కూడా చూడని మనిషి. ఏ చీటీ ఏ పిల్లదో రాసిన కాగితం యేసుదాసు చొక్కాజేబులో పెట్టారు. శనివారం పొద్దున్నే లూదియా, పార్థసారథి మార్కులు వేసుకుంటూ పోయారు. కొన్ని మాటలు ఎక్కడో విన్నట్టే ఉన్నా, ఎవరివో గుర్తు రాలేదు. కుండా గంపా దగ్గరికి వచ్చేసరికి లూదియా చేతిలో ఆ చీటీ పడింది. ఎవరి చేతిరాత అయితేనేం. ఆ మాట ఎవరిదో ఆమెకు తెలుసు.

"నేను దీనికి వేయలేను సార్. నాకు తెలిసిపోయింది."

"నాకు తెలీదు. నేను వేసేశాను. కానీ ఇద్దరు వేయాలి."

"శివమ్మ వేస్తుంది."

పార్థసారథి నవ్వబోయి ఆగాడు. "ఆమెకు చదువు రాదు."

"మీరు చదివి వినిపించండి. ముప్ఫయ్యారూ. ఆ ఒక్క ప్రశ్నకే."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. మద్రాసులో తన గురువు థీసిస్‌లో ఈ పేజీ చదివేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో చూస్తున్నట్టున్నాడు. "ఆ ఎర్ర పుస్తకం మార్కులు కూడా నా థీసిస్‌లో వేయాల్సి ఉంటుంది టీచరమ్మా," అన్నాడు. "మొదటిసారి ఏం జరిగిందో దాస్తే మిగతాదెవరూ నమ్మరు. మీ పేరు వద్దంటే తీసేస్తాను."

 నంద్యాలలో పేట పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మ పేట పిల్లలకే తగ్గించింది. అచ్చులో ఉంటుంది అది. ఎవరైనా చదవొచ్చు. కమిటీ, ఇరుగుపొరుగు, దీనమ్మ ఎప్పుడో పెద్దదయ్యాక.

"మీరు అడిగిన 'ఇంకా'లు కూడా వేస్తారా?"

"ముప్ఫయ్యొకటీ, ఆరూ. వేస్తాను."

"అయితే నా పేరూ ఉంచండి."

మిల్లులో అన్నాలవేళ. యంత్రాలు ఆగి ఉన్నాయి. శివమ్మ గోనెపట్టా ఇవతల చెయ్యి కడుక్కుని కూచుంది. ముందర రెండు, ఒకటి, సున్న మార్కులకని మూడు ఖాళీ గంపలు పెట్టుకుంది. పార్థసారథి గోచీపంచె మోకాళ్లపైకి లాక్కుని పత్తి నూగులో బాసింపట్టు వేసుకుని ఒక్కొక్క చీటీ చదివాడు. ఆమె ప్రతి చీటీకీ తల ఒక పక్కకు వంచి వినేది, చీటీని చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ రెండు వేళ్ల మధ్య రుద్ది, ఏదో ఒక గంపలో వేసేది.

"రెండూ గుండ్రంగా ఉంటాయి."

"సెకండు."

"కుండ బాగుంటుంది."

"ఏం పోలికప్పా అది. థర్డు."

"రెండింట్లోనూ సామాను పోస్తారు, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో గింజలు."

"ఫస్టు. చూసి చెప్పినాది."

లూదియా దూరంగా త్రాసు దగ్గర తండ్రి పక్కన నిలబడింది. వినకూడదనుకుని వింటోంది.

"సగం నింపితే రెండూ నెత్తిన నిలవవు. కుండ తొణుకుతాది. గంప ఒరుగుతాది. నిండా ఉంటేనే సుళువు. బరువెక్కువైనా."

శివమ్మ చీటీ కోసం చెయ్యి చాచింది కానీ తీసుకోలేదు. "ఇంగొక తూరి చదువు నాయనా."

అతను మళ్లీ చదివాడు. ముసలామె చెయ్యి మెల్లగా లేచి తన నడినెత్తి మీద ఆగింది. నలభై ఏళ్లు మోసి మోసి వెంట్రుకలు పలచబడిన చోట. అక్కడే కొంచెంసేపు ఉంది.

"ఇన్నేండ్లు మోసినాను," అంది. "నాకు తెల్సునని నాకు తెలీదు చూడు." చీటీ తీసుకుని మొదటి గంపలో, అన్నిటి మీద, చెయ్యి పెట్టి అదిమి పెట్టింది. "ఫస్టు."

యేసుదాసు జేబులోని కాగితం విప్పి కూడితే, సాయంత్రానికి వరస తేలింది. మొదటి పేరు సుబ్బలక్ష్మమ్మే. ఆ పిల్ల నిజంగానే తెలివైనది. రెండోది సెట్టిగారి పిల్ల. మూడు, దీనమ్మ. నాలుగు, లూదియా గదిలో మొదటిసారి ఎవరూ పట్టించుకోని ఇంకో పేట పిల్ల. మొదటి జాబితాలో మూడూ నాలుగూ ఉన్న ఇద్దరు ఊళ్లో పిల్లలు కిందికి దిగారు. వాళ్ల మొహాలు కూడా లూదియాకు గుర్తొచ్చాయి. ఆమె ఆ పేర్ల ముందు కూడా కాసేపు ఆగింది. తర్వాత జాబితా సిరాతో రాసి, తన ఎర్ర పుస్తకాన్ని పార్థసారథి కట్టలో తానే పెట్టి తాడు బిగించింది.

కమిటీకి కాగితం అందించి వస్తూ ఆమె మిల్లు దారి పట్టింది. యంత్రాలు మళ్లీ మోగుతున్నాయి. చెప్పాలి. ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. నువ్వు అదిమి పెట్టిన చీటీ ఆ పిల్లది పెద్దమ్మా, ఆళ్లగడ్డ పేటలో పిల్లది, దానికి సీటొచ్చింది, జూన్‌లో ఈ ఊరికే వస్తుంది.

శివమ్మ అప్పుడే కొత్త గంపలోంచి పత్తి తీసి చెంపకు ఆనించుకుంది. లూదియా వచ్చిన ఊపు, ఆ మొహం చూసి, కళ్లు మూసుకుని రెండో చెయ్యి పైకెత్తింది.

"ఎవరిదని చెప్పొద్దు తల్లీ," అంది. "రేపు ఇంగో గంప తెస్తావేమో."

లూదియా ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. పేరు నాలుక కొసనే ఉంది. ముసలామె పంటి కింద గింజ టక్కుమంది.

"ఫస్టు," అంది శివమ్మ, పట్టా అవతలికి.